లోగో ముందా, లింకు ముందా

తూర్పు ఢిల్లీ, మయూర్ విహార్ ఫేజ్-1లో ఒక డీడీఏ ఫ్లాటు. బాబాయ్ ఒక తెలుగు దినపత్రిక ఢిల్లీ బ్యూరోలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు. బ్లూ లైన్ మెట్రోలో రోజూ నోయిడా వెళ్లి వెబ్‌సైట్ల డిజైన్ చేసే ఉద్యోగం ఆమెది. పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి ప్రపంచమంతా వాడే ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్కు జాంగో. దాని సొంత వెబ్‌సైటుకు, లోగోకు, రంగులకు కొత్త రూపం ఎలా ఉండాలో ఆమె ఒక ప్రతిపాదన రాసింది. బాబాయ్ ఆ ముసాయిదా చదివారు.

బాబాయ్: చదివానమ్మా. సగం లోగో గురించి రాశావు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం రంగులు. జనం అక్కడికి వచ్చేది చదువుకోవడానికి కదా, ఆ చదువుకునే పేజీల గురించి ఆఖర్న రెండు పేరాలున్నాయి. అసలు ఇప్పుడున్న సైటుకు వచ్చిన జబ్బేమిటి?

అమ్మాయి: జబ్బు లేదు బాబాయ్, వయసైపోయింది. ఇప్పటి రూపానికి మూలం 2014 డిసెంబరులో వచ్చింది. పేజీ అడుగున చూడండి, త్రీస్పాట్ అనీ ఆండ్రెవ్ అనీ అప్పటి డిజైనర్ల పేర్లు ఉంటాయి. మధ్యలో మరమ్మతులు జరిగాయి, రాత్రిపూట చదువుకునేవాళ్లకు నల్లటి తెర వచ్చింది. అంతకు మించి కదల్లేదు. ఈలోగా ఏంగ్యులర్ అనే ఇంకో వెబ్ ఫ్రేమ్‌వర్కు 2023 నవంబరులో పదిహేడో వెర్షన్‌తో పాటు లోగో మార్చింది, కొత్త చిరునామాలో సైటు కూడా తెరిచింది. ఎర్ర డాలు పోయి గులాబీ, ఊదా రంగులు కలిసిన బొమ్మ వచ్చింది. వెబ్ పేజీలు కట్టడానికే వాడే రియాక్ట్ అదే ఏడు మార్చిలో పాఠాలన్నీ తిరగరాసి కొత్త సైటు తెరిచింది. జాంగో మాత్రం ముదురాకుపచ్చ పట్టీ మీద తెల్లటి చిన్నక్షరాలతో అలాగే కూర్చుంది.

బాబాయ్: పక్కింటివాళ్లు సున్నం వేయించారని మనమూ వేయించాలా?

అమ్మాయి: ఇంజినీరింగ్ రెండో ఏడు పిల్లలు ఏది నేర్చుకోవాలో తేల్చుకునేది సైటు చూసే. రూపం పాతగా ఉంటే లోపల పని కూడా ఆగిపోయిందనుకుంటారు. జాంగో ఆగలేదు కదా! సుమారు ఎనిమిది నెలలకొక కొత్త వెర్షన్ వస్తుంది. రెండేళ్లకొకసారి వచ్చే వెర్షన్‌కు మూడేళ్ల పాటు భద్రతా మరమ్మతులు ఇస్తారు. ఇంత క్రమశిక్షణ ఉన్న ప్రాజెక్టు ఎన్ని ఉన్నాయి? ఆ సంగతి మొదటి పేజీ చూసినవాడికి తెలియడం లేదనే నా బాధ.

బాబాయ్: ఆ క్రమశిక్షణ ఎక్కడిదో తెలుసా? పత్రికాఫీసుది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం లారెన్స్ ఊళ్లో జర్నల్-వరల్డ్ అనే పత్రిక ఉంది. దాని వెబ్ విభాగంలో ఏడ్రియన్ హొలొవాటి, సైమన్ విల్లిసన్ 2003లో తమ అవసరానికి రాసుకున్న కోడ్ అది. పొద్దున వార్త వస్తే సాయంత్రానికి దాని పేజీ తయారు కావాలి. ఆ గడువు ఒత్తిడిలోంచి పుట్టింది. 2005 జూలైలో అందరికీ ఇచ్చేశారు. మొదటి సైటు డిజైన్ చేసిన విల్సన్ మైనర్ కూడా ఆ ఆఫీసువాడే. సబ్ ఎడిటర్ కూర్చుని వార్త ఎక్కించడానికి పనికొచ్చే అడ్మిన్ పేజీలు దానంతటదే తయారుచేసి ఇస్తుంది చూడు, అది ఏ కంప్యూటర్ కంపెనీకీ తట్టే ఆలోచన కాదు. డెస్కు మీద కూర్చున్నవాడి కష్టం చూసినవాళ్లకే తడుతుంది. అలాంటి పుట్టుక ఉన్నదానికి గులాబీ రంగులు దేనికి?

అమ్మాయి: మీరే నాకు దారి ఇస్తున్నారు. ఇంత కథ ఉంది. పేరు చూడండి, జాంగో రైన్‌హార్ట్‌ది. అగ్నిప్రమాదంలో ఎడమ చేతి రెండు వేళ్లు చచ్చుబడినా గిటార్ వాయించి ప్రపంచాన్ని ఊపేసిన మనిషి. సైటులో ఆ పత్రికాఫీసు కనిపిస్తుందా, ఆ గిటార్ వినిపిస్తుందా? బ్రాండింగ్ అంటే రంగు పూయడమని మీరు అనుకుంటున్నారు. ఉన్న స్వభావం చూడగానే తెలిసేలా చేయడం అది. అభిమానుల్లో ఒక గుర్రప్పిల్ల బొమ్మ తిరుగుతోంది, అది అధికారికం కాదు. అధికారికంగా ఉన్నది ఒక ఆకుపచ్చ పట్టీ, ఆరు అక్షరాలు.

బాబాయ్: ఆ ఆరు అక్షరాలనే లక్షలమంది గుర్తుపడతారు. 2023 జూలైలో మన మెట్రోవాళ్లు హుడా సిటీ సెంటర్ పేరు తీసేసి మిలీనియం సిటీ సెంటర్ అన్నారు. ఎల్లో లైన్‌లో చివరిదాకా వెళ్లేవాణ్ణి ఎక్కడికని అడుగు, ఇప్పటికీ హుడా అనే అంటాడు.

అమ్మాయి: పేరు జోలికి నేను పోవడం లేదు కదా. పేరు, గుర్తు మీద హక్కులు జాంగో సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌వి. మార్చాలన్నా నా చేతిలో లేదు.

బాబాయ్: సరే, లోగో సంగతి పక్కన పెడతా. నా భయం అది కాదు. నీ పత్రంలో ఒక లైను ఉంది, సైటు నిర్మాణాన్ని సరళం చేయడం అని. ఆ ఒక్క లైను మీద నువ్వు వివరంగా ఏమీ రాయలేదు. పార్లమెంటు సమావేశాల మీద నేనేళ్ల తరబడి రాసిన రిపోర్టులు మా పత్రిక వెబ్‌సైటులో ఉండేవి. పత్రిక పేరెందుకులే. ఒక ఏడాది సైటుకు కొత్త రూపం ఇచ్చారు. అందంగానే ఉంది. నా రిపోర్టు లింకు నొక్కితే మాత్రం మొదటి పేజీకి తీసుకుపోతుంది. రిపోర్టు పోయిందా, ఉందా, ఎక్కడుందో చెప్పే దిక్కు లేదు. వాటిని ఉటంకిస్తూ ఒకమ్మాయి పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం రాసింది. ఆమె అధోజ్ఞాపికల్లో సగం లింకులు చచ్చిపోయాయి. రూపం మార్చినవాళ్లకు ఆ సంగతి తెలియనే తెలియదు, ఎందుకంటే వాళ్లు చూసింది మొదటి పేజీ ఒక్కటే.

అమ్మాయి: అది డిజైన్ తప్పు కాదు, దారి మళ్లింపు పెట్టకపోవడం తప్పు.

బాబాయ్: డిజైన్ అంటే ఏమిటి మరి? వెబ్ కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ మాట మీద పనిగట్టుకుని ఒక వ్యాసం రాశాడు, మంచి చిరునామాలు మారకూడదని. సాంకేతికంగా మార్చక తప్పని పరిస్థితి దాదాపు ఉండదు, బద్ధకం వల్లే మారుతున్నాయని ఆయన వాదన. జాంగో పుట్టుకలోనే ఆ విలువ ఉంది. చిరునామా మనిషి చదవగలిగేలా శుభ్రంగా ఉండాలన్నది దాని మూల సూత్రాల్లో ఒకటి. అలాంటి దాని సొంత సైటులో రేపు పాత లింకులు తెగితే ఎలా ఉంటుందో ఆలోచించు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో, పుస్తకాల్లో, కాలేజీ నోట్సుల్లో ఆ పాఠాల లింకులు ఎన్ని ఉంటాయి! ఎక్కడో నరసరావుపేటలో ఒక లెక్చరర్ రాసిచ్చిన కాగితం మీద కూడా ఉంటుంది. ఆ కాగితానికి దారి మళ్లింపు పెట్టేదెవరు?

అమ్మాయి: సర్వరే పెడుతుంది బాబాయ్. పాత చిరునామా అడిగినవాడికి, శాశ్వతంగా ఫలానా చోటికి మారిందని 301 అనే సంఖ్యతో జవాబిస్తుంది. బ్రౌజరు దానంతటదే అక్కడికి పోతుంది. కాగితం చూసి టైపు చేసినా సరైన పాఠమే తెరుచుకుంటుంది. రియాక్ట్ చూడండి, కొత్త సైటు తెరిచినా పాత పాఠాలను వేరే చిరునామాలో అట్టే పెట్టింది. ఏంగ్యులర్ కూడా పాత వెర్షన్ల సైట్లను ఉంచింది. జాంగో పాఠాల చిరునామాలో వెర్షన్ సంఖ్య ఎలాగూ ఉంటుంది. పాత వెర్షన్ పేజీ తెరిస్తే, దీనికి భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి, కొత్తది చూడండని పైన హెచ్చరిక వస్తుంది. ఆ పద్ధతిని నేనెందుకు చెడగొడతాను?

బాబాయ్: చెడగొడతావని కాదు. రాయలేదు అంటున్నాను. రాయనిది ఎవరూ చేయరు. పాత చిరునామాల జాబితా తీయాలి, ఒక్కొక్కటి ఎక్కడికి పోవాలో రాయాలి, సైటు తెరిచే ముందు అన్నీ నొక్కి చూడాలి. విసుగు పని. అందుకే ఎవరూ దాన్ని ప్రతిపాదనల్లో పెట్టరు.

అమ్మాయి: పెడతాను. ఒప్పుకున్నాను.

బాబాయ్: ఇంకోటి. పైన కనిపించేదానికంటే అడుగున ఉన్న అక్షరం ముఖ్యమని తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు, మనం దెబ్బతిని నేర్చుకున్నాం. వెబ్‌లోకి వచ్చిన కొత్తలో మన పత్రికలు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు పెట్టుకున్నాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, అయినా వాడలేదు. తెర మీద ముత్యాల్లాంటి అక్షరాలు, అడుగున అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. వెతికితే దొరకదు, కాపీ చేస్తే గజిబిజి. ఫాంటు దించుకోనివాడికి పేజీ మొత్తం చెత్త. అప్పుడు వెన్న నాగార్జున పద్మ అనే పొడిగింపు రాశాడు. ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకుంటే ఆ పత్రికల రాతను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. దానికి లోగో ఎలా ఉండేదో నాకు గుర్తులేదు. ఎంతమంది తెలుగువాళ్లు దానివల్ల వార్తలు చదవగలిగారో గుర్తుంది.

అమ్మాయి: ఆ ఉదాహరణ నా పక్షానే పనిచేస్తుంది. మీ పత్రికలకు ముత్యాల అక్షరాలు కావాలన్న ఆశ తప్పు కాదు. దాన్ని సాధించిన పద్ధతి తప్పు. తర్వాత సిలికానాంధ్ర వాళ్లు మండలి, మల్లన్న, గురజాడ, సూరన్న, రామభద్ర లాంటి ఫాంట్లు యూనికోడ్‌లో చేయించి ఎవరైనా వాడుకోవడానికి ఉచితంగా వదిలారు. అందమూ దక్కింది, అడుగున అక్షరమూ దక్కింది. ఇప్పుడు జాంగో దగ్గరికి రండి. 2015 డిసెంబరులో 1.9 వెర్షన్‌తో అడ్మిన్ పేజీలకు కొత్త రూపం ఇచ్చారు, రొబోటో ఫాంటు పెట్టారు. రొబోటోలో తెలుగు అక్షరాలు లేవు. బ్రౌజరు ఎక్కడినుంచో ఇంకో ఫాంటు తెచ్చుకుంటుంది. జాబితాలో ఒక వరుస చూడండి, పక్కపక్కనే ఇంగ్లీషు పేరు, తెలుగు పేరు. ఇంగ్లీషు ఎత్తుకు తగ్గట్టు వరుస కొలిచి గట్టిగా బిగిస్తే స్త్రీ అన్న మాటలో కింది ఒత్తు గీతకు తగులుతుంది, పైన గుడి ఇంకో వరుసకు ఆనుకుంటుంది. లక్ష్మి అన్న పేరులో మ వత్తు సగం కోసుకుపోవడం నేను ఒక ప్రాజెక్టులో చూశాను. 2023 ఏప్రిల్‌లో 4.2 వెర్షన్ వచ్చాక అడ్మిన్‌లో ముందు ఎవరి యంత్రంలో ఉన్న ఫాంటు వాళ్లకు వాడేలా మార్చారు. చిన్న మార్పు. ఎవరూ పండగ చేసుకోలేదు. కానీ అది డిజైనరు పని కాదంటారా?

బాబాయ్: ఇది మాత్రం డిజైనరు పనే. ఇది మొదటి పేజీలో రాయవలసిన సంగతి. నువ్వు అసలు రాయలేదు.

అమ్మాయి: ఇంగ్లీషులో రాసే పత్రం కదా అని...

బాబాయ్: అదే చెబుతున్నాను. ఒత్తు తెగిపోవడం చూసిన డిజైనర్లు జాంగో బృందంలో ఎంతమంది ఉంటారు? నువ్వు చెప్పకపోతే వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఏ డిజైనరైనా చేయగల లోగో మీద సగం పత్రం ఖర్చుపెట్టావు.

అమ్మాయి: సరే. కానీ ముస్తాబు అక్కర్లేదన్న మాట నేను ఒప్పుకోను.

బాబాయ్: ముస్తాబు లేకుండా బతికినవి లేవా? వెబ్ డాట్ పై అని ఇంకో పైథాన్ ఫ్రేమ్‌వర్కు ఉంది. ఏరన్ స్వార్జ్ రాసి 2006లో విడుదల చేశాడు, రెడిట్ ఒకప్పుడు దాని మీదే నడిచింది. తర్వాత దాన్ని ఏళ్ల తరబడి మోసిన వాళ్లలో మన ఆనంద్ చిటిపోతు ముఖ్యుడు. ఓపెన్ లైబ్రరీ కట్టినవాళ్లలోనూ ఆయన ఉన్నాడు. వెబ్ డాట్ పై సైటు చూడు, మాటలు, నాలుగు లింకులు, కోడ్ ముక్క. చదవగానే పని మొదలుపెట్టవచ్చు. ఆ సాదాతనమే దాని ముఖం.

అమ్మాయి: గౌరవంగానే చెబుతున్నాను, దాన్ని ఇప్పుడు ఎంతమంది కొత్తగా నేర్చుకుంటున్నారు? పైథాన్ 3 మీద నడిచే స్థిరమైన విడుదల 2019 దాకా రాలేదు. చేయడానికి మనుషులు చాలలేదు. కోడ్ ఎంత బాగున్నా మోసే భుజాలు కావాలి. కొత్తవాళ్లు రావాలంటే వాకిలి కనిపించాలి. 2014 వేసవిలో బెర్లిన్‌లో ఓలా అనే పేరున్న ఇద్దరమ్మాయిలు, సిటార్‌స్కా, సెండెట్స్కా, జాంగో గర్ల్స్ మొదలుపెట్టారు. జీవితంలో ఒక్క లైను కోడ్ రాయని ఆడవాళ్లకు ఒక్కరోజు శిక్షణ. దాని పాఠం చూడండి. కమాండ్ లైన్ అంటే ఏమిటో కూడా చెబుతుంది, భయపెట్టదు. రంగులు, బొమ్మలు, పలకరింపు అన్నీ రమ్మని పిలుస్తాయి. ఎన్నో దేశాల్లో ఆ శిబిరాలు జరిగాయి. అదే జాంగో, అదే కోడ్. వాకిలి మారింది, వచ్చేవాళ్లు మారారు.

బాబాయ్: మాట మారింది అను. రంగు చూసి ఎవరూ కోడ్ నేర్చుకోలేదు, ఆ పాఠం వాళ్ల భాషలో, వాళ్ల స్థాయిలో మాట్లాడింది.

అమ్మాయి: రెండూ కలిసే మారాయి. విడదీయలేరు. డబ్బు సంగతి కూడా వినండి. 2014లో సైటు మారిన రోజుల్లోనే ఫౌండేషన్ విరాళాల పిలుపు ఇచ్చింది. ఎందుకు? రోజూ వచ్చే లోపాల చిట్టాలు చూసి, విడుదలలు తయారుచేయడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవడానికి. ఫెలో అంటారు. మొదటివాడు టిమ్ గ్రాహమ్. కొత్త సైటులో ఒక గుండె బొమ్మ పెట్టారు, విరాళాలు వచ్చేకొద్దీ దాని గళ్లు నిండేలా. ఇచ్చినవాళ్ల పేర్లు మొదటి పేజీ పక్కన కనిపించేవి. ఆ ఫెలో పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది, మనుషులు మారుతూ. ఎనిమిది నెలలకొక వెర్షన్ తప్పకుండా వస్తోందంటే దాని వెనుక ఆ జీతాలున్నాయి. ఆ జీతాలకు డబ్బు అడిగింది ఆ మొదటి పేజీ. ఇప్పుడు చెప్పండి, రూపం వృథా ఖర్చా?

బాబాయ్: ఇది బలమైన మాట. దీనికి నా దగ్గర జవాబు లేదు. జీతం లేకపోతే మరమ్మతు లేదు, మరమ్మతు లేకపోతే నేను కాపాడాలంటున్న పాఠాలకు అర్థమే లేదు. ఒప్పుకున్నాను. కానీ ఒకటి, మార్పు తలుపులు మూసుకుని చేయకూడదు. డ్రూపల్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వాళ్లు 2008లో తమ సైటు రూపం మార్చే పని మార్క్ బౌల్టన్‌కు ఇచ్చారు. ఆయన ప్రతి ముసాయిదా అందరి ముందూ పెట్టి, మాటలు పడి, మళ్లీ దిద్ది చేశాడు. 2010 అక్టోబరులో సైటు తెరిచారు.

అమ్మాయి: రెండేళ్లు బాబాయ్! పదిమంది పది రంగులు చెబుతారు. చివరికి ఎవరికీ నచ్చనిది, ఎవరికీ కోపం రానిది మిగులుతుంది. రూపం ఇద్దరు ముగ్గురే తేల్చాలి.

బాబాయ్: జాంగో ఇద్దరు ముగ్గురి ఆస్తి కాదు. దాని మీద పైసా తీసుకోకుండా పనిచేసినవాళ్లు వేలల్లో ఉంటారు. రెండేళ్లు పడితే పట్టనీ.

అమ్మాయి: ఇక్కడ మీకూ నాకూ కుదరదు. సమస్యలు ఏవో అందరూ చెప్పాలి, అది నిజం. గీత గీసేది మాత్రం చెయ్యి తిరిగినవాళ్లే కావాలి.

బాబాయ్: కుదరకపోతే పోనీ. తెలుగు సంగతి చెప్పు. నీ కొత్త సైటులో మనవాళ్లకు ఏముంది?

అమ్మాయి: జాంగో లోపలి భాషల జాబితాలో తెలుగు ఉంది. తేదీలు, తప్పుల సందేశాలు, అడ్మిన్ మాటల కోసం తెలుగు ఫైలు జాంగోతో పాటే వస్తుంది. పాఠాలు మాత్రం ఇంగ్లీషు కాకుండా ఫ్రెంచి, స్పానిష్, జపనీస్, కొరియన్, పోలిష్, ఇండోనేషియన్ లాంటి భాషల్లో ఉన్నాయి. తెలుగులో లేవు. పోలిష్ మాట్లాడేవాళ్లు మనకంటే ఎక్కువేమీ లేరు. ఎవరో కూర్చుని చేశారు, అంతే. అనువాదం ట్రాన్సిఫెక్స్ అనే చోట జరుగుతుంది. ఖాతా తెరిచి భాషా బృందంలో చేరిన ఎవరైనా చేయవచ్చు. ఎవరి అనుమతికీ ఢిల్లీ రావక్కర్లేదు.

బాబాయ్: హైదరాబాదు కంపెనీల్లో జాంగో మీద జీతం తీసుకునే తెలుగువాళ్లు ఉన్నారు, అవునా? అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో దాన్నే పాఠంగా చెబుతారు, అవునా? ఇంతమందిలో మొదటి పాఠం తెలుగులో పెట్టే తీరిక ఒక్కరికీ దొరకలేదంటే నాకు కష్టంగా ఉంది.

అమ్మాయి: ఇంజినీర్లకు ఇంగ్లీషు వచ్చు కదా, ఎందుకని అంటారు.

బాబాయ్: ఇంజినీర్లకు వచ్చు. పాలిటెక్నిక్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు రాదు. ఆమెకు కోడ్ అర్థం కాక కాదు, ఆ కోడ్ చుట్టూ ఉన్న వాక్యం అర్థం కాక వెనక్కి పోతుంది. నువ్వన్న వాకిలి ఆమెకు ఇంగ్లీషులో మూసి ఉంది. దానికి ఏ రంగు వేసినా ఆమెకు ఒకటే. నీ పత్రం తిరగరాయి. పాత చిరునామాలు మొదట, ఇతర లిపుల అక్షరాలు తెగకుండా వరుసల కొలతలు రెండోది, భాషలు ఎంచుకునే మీట ప్రతి పేజీలో కళ్లకు కనిపించే చోట ఉండాలన్నది మూడోది. విరాళం అడిగే చోటు నీ ఇష్టం, నాకంటే నీకే తెలుసు. లోగో చివర పెట్టు. వాళ్లు తీసుకుంటే తీసుకుంటారు.

అమ్మాయి: లోగో చివరికి జరుపుతాను, తీసేయను. నా లోగోలోని గిటార్ గీత నాకు ఇష్టం. మరి అనువాదం?

బాబాయ్: జాంగో పాఠాల్లో కొత్తవాళ్ల ట్యుటోరియల్ ఎనిమిది భాగాలు కదా. పోల్స్ అని ఓటింగ్ సైటు కట్టించే పాఠం. ఎన్నికలు రాసి రిటైరైనవాణ్ణి, ఓట్ల గురించి తెలుగులో రాయడం నాకు చేతనవును. మొదటి భాగం నేను మొదలుపెడతా. కోడ్ మాటలు నువ్వు సరిచూడు. మిగతా ఏడు భాగాలకు మనుషులు కావాలి. జాంగో మీద పనిచేస్తూ తెలుగు రాయగలిగినవాళ్లు హైదరాబాదులో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, డాలస్‌లో ఉన్నా తలా ఒక భాగం తీసుకోమను.